పెద్దమ్మ పాటలు దాచిన ట్రాక్టర్

నా దగ్గరున్న పాటలన్నీ ఏ క్లౌడ్‌లో దాచాలా అని వారం రోజులుగా పోల్చి చూస్తున్నాను. ఒకదాంట్లో జాగా తక్కువ. ఇంకోదాంట్లో దాచుకోవచ్చు గానీ వరుసగా వినలేం. మూడోది బాగానే ఉంది గానీ మా రేగొండ పొలాల్లో సిగ్నల్ లేకపోతే నోరు మెదపదు. నేను తేల్చుకునేలోపే ఈ పొద్దున ఫోన్ నీళ్ల హౌజులో పడింది. పోయినేడు చనిపోయిన మా పెద్దమ్మ, నాట్లు వేస్తూ పాడిన పాటలన్నీ అందులోనే ఉన్నాయి. రిపేరు షాపతను పెదవి విరిచాడు.

ఏడుపు దిగమింగుకుని ఇంటికి వస్తుంటే మా పక్కింటి సమ్మన్న ట్రాక్టర్ ఎదురైంది. దాని స్పీకర్‌లో పెద్దమ్మ గొంతు! పాట మధ్యలో "నారు కట్ట ఇటెయ్యవే, సోయి లేదా?" అని నన్ను తిట్టిన తిట్టు కూడా ఉంది.

"గీ పాటలు నీకెక్కడియే అన్నా?"

"నాట్లప్పుడు నువ్వే గద చెల్లె పంపినవ్! పెన్‌డ్రైవ్‌ల ఎక్కిచ్చుకున్న. మా ట్రాక్టరోళ్లం ఒకలకొకలం ఇచ్చుకుంటం. గార్ల ఊర్ల మా బామ్మర్ది గూడ గివ్వే పెట్టుకొని దున్నుతడు."

"గా తిట్టన్న తీసెయ్యకపోయినవా?"

"అది తీసేస్తే గందుల మీ పెద్దమ్మ ఏడుంటది?"

సాయంత్రం ఆ పెన్‌డ్రైవ్ నుంచే పాటలన్నీ తెచ్చుకున్నాను.

ఏ క్లౌడ్ మంచిదో వాడినవాళ్లు చెప్పండి, ఈసారి నిజంగానే పెడతాను. కాకపోతే ఇకమీదట ఏ పాట రికార్డు చేసినా, ముందు ఎక్కేది మాత్రం సమ్మన్న ట్రాక్టరే.