అల్దేయా వదిన రెండో కూర

మా వదిన అల్దేయా కోపం సంగతి మా లోయలో అందరికీ తెలుసు. ఆవిడ చేతి వంట సంగతి కూడా తెలుసు గనక ఆ కోపాన్ని భరిస్తారు. ఇరవై ఏళ్ళ పైబడి ఇంట్లోనే పిల్లల్ని చూసుకుంటోంది. తల్లులు పొద్దున్నే దింపి పోతారు, పని దిగాక వచ్చి తీసుకుపోతారు. ఇవాళ ఊళ్ళో మంచు తోసే లారీ నడిపేవాడు, జుట్టు కత్తిరించే పిల్ల, చివరికి జరిమానాలు రాసే పోలీసు కుర్రాడు కూడా ఒకప్పుడు ఆవిడ వంటింటి బల్ల దగ్గర మూతి తుడిపించుకున్నవాళ్ళే. ఆ పోలీసు ఓసారి నా కారు ఆపితే, “నాలుగేళ్ళొచ్చేదాకా చడ్డీ తడుపుకునేవాడివి కదరా” అని గుర్తు చేశాను. అయినా రాశాడు, వెధవ.

నేను ఆవిడ ఆడపడుచును, నార్మండ్‌ని. స్కూలు బస్సు నడిపి నడిపి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు, అన్నయ్య ఇంట్లోనే ఉంటాను. పగలంతా హాల్లో కూర్చుంటే మా రోజేర్ అన్నయ్య టీవీలో హాకీ చూస్తూ పెట్టే కేకలు వినాలి. అది భరించలేక వదిన వంటింట్లో చేరాను. అక్కడ ఆవిడ కేకలు వినాలనుకోండి. కాకపోతే వాటితో పాటు తిండి కూడా దొరుకుతుంది.

మాది మైన్ రాష్ట్రం కొస. నది దాటితే కెనడా. ఇక్కడ దుంపలు తప్ప మరో లోకం లేదు. సెప్టెంబరు వచ్చిందంటే దుంపలు తవ్వడానికని బడులకే సెలవులిచ్చేస్తారు. వదిన పుట్టింట్లో పదకొండు మంది సంతానం. పొద్దున వేయించిన దుంప, మధ్యాహ్నం ఉడికించిన దుంప, రాత్రి మిగిలింది కలిపి ఇంకో దుంప. అలా పెరిగిన మనిషికి బంగాళాదుంప కూరగాయలా కనబడదు, చుట్టంలా కనబడుతుంది. ఏ దుంప ఏ చేలోదో, దేనికి పొగరెక్కువో, ఏది కుండలో వేస్తే నీరుగారిపోతుందో చూపుతోనే చెబుతుంది.

మొదటి గొడవ ఇక్కడే వచ్చింది.

పిల్లల తిండి ఖర్చులో పెద్ద భాగం సర్కారు భోజన పథకం భరిస్తుంది. అందుకే వదిన తల్లుల దగ్గర తక్కువ పుచ్చుకోగలుగుతోంది. బదులుగా వాళ్ళ నియమాలు పాటించాలి. మధ్యాహ్నం భోజనంలో పాలుండాలి, మాంసమో గుడ్డో ఉండాలి, రొట్టెలాంటిది ఒకటి ఉండాలి, ఆపైన వేర్వేరు కూరగాయలు రెండుండాలి. ఒక కూర, ఒక పండు అయినా పరవాలేదు గానీ, అన్నంవేళ పండు పెట్టడం మంచం పట్టినవాళ్ళకే అని వదిన సిద్ధాంతం. పథకం ఆఫీసు నుంచి ఒకరు చెప్పా పెట్టకుండా వచ్చి చూసిపోతారు.

ఆ వేసవిలో వచ్చింది కొత్త పిల్ల, డార్సీ పైక్. దక్షిణం నుంచి వచ్చింది. తెల్లటి స్వెటరు, పొడుగు మెడ, మర్యాద ఎక్కువ. బల్ల మీద కోడిమాంసం ఇగురు, పాలు, ప్లోయ్‌లు ఉన్నాయి. ప్లోయ్‌లంటే మేం పెనం మీద ఒకవైపే కాల్చే పలచటి అట్లు. వాటి పక్కన మెత్తగా మెదిపిన దుంపలు ఒక గిన్నెలో, వెన్నలో వేయించినవి ఇంకో గిన్నెలో ఉన్నాయి.

“రెండో కూర ఎక్కడండీ?” అంది డార్సీ.

వదిన రెండు గిన్నెలూ చూపించింది. “ఇదొకటి, ఇదొకటి.”

“రెండూ బంగాళాదుంపలే కదండీ.”

నేను గబగబా వదిన చేతిలోంచి గరిటె తీసేసుకున్నాను.

“ఏవమ్మా, కళ్ళు కనబడుతున్నాయా? ఇది గ్రీన్ మౌంటెన్, పిండిదుంప. మెదపడానికి పుట్టింది. అది కెనెబెక్. వేయిస్తే కరకరలాడుద్ది. ఈ రెండూ ఒకటే అంటే, మీ ఆయనా మా ఆయనా ఒకటే అన్నట్టు ఉంటది!”

“నాకింకా పెళ్ళి కాలేదండీ.”

“అదీ సంగతి. అందుకే నీకు తేడా తెలీడంలేదు.”

డార్సీ చెవులు ఎర్రబడ్డాయి. అయినా పిల్ల గట్టిది, వెనక్కి తగ్గలేదు. నియమం ప్రకారం దుంప ఎన్ని రకాలైనా ఒక కూరేనని చెప్పింది. ఈ భోజనం లెక్కలోకి రాదని చెప్పింది. కొన్ని వారాల్లో మళ్ళీ వస్తాననీ, అప్పుడు కూడా రెండో కూర లేకపోతే పథకంలోంచి పేరు కొట్టేస్తారనీ చెప్పింది. చివరి మాట చెప్పేటప్పుడు కాగితాలకేసే చూసింది. పాపం, దానికీ ఇష్టం లేదు.

ఆ రాత్రి అన్నయ్య హాకీ కూడా కట్టేశాడు. పథకం పోతే తిండి డబ్బులు తల్లుల్ని అడగాలి. పొలాల్లో, వృద్ధాశ్రమంలో పనిచేసే వాళ్ళని అడగడమంటే వదినకు ప్రాణం పోయినంత పని. అడగదు. అడగకపోతే ఇల్లు మూసేస్తుంది. దుంపల కోత ముందుంది. తెల్లారకముందే తవ్వే యంత్రాల మీదికెక్కి దుంపల్లోంచి రాళ్ళేరే తల్లులు తమ పిల్లల్ని ఎక్కడ పెడతారు? పిల్లలు లేని వంటింట్లో మా వదిన ఏమైపోతుంది? ఆ రెండో ప్రశ్న ఎవ్వరం పైకి అనలేదు గానీ, ముగ్గురం దాన్నే నములుతూ కూర్చున్నాం.

మర్నాడు నేనే బజారుకెళ్ళి ఐసులో పెట్టిన పచ్చబఠాణీలు పెద్ద సంచీ తెచ్చి పడేశాను. వదిన ఆ సంచీని చచ్చిన ఎలుకను చూసినట్టు చూసింది.

“ఇవా? కాన్వెంటులో సిస్టర్లు ఇవే కుక్కేవాళ్ళే మా నోట్లో. వీటిని చూస్తేనే నాకు డోకొస్తది.”

“నువ్వు తినక్కర్లేదు వదినా. పిల్లలకు పెడితే చాలు.”

“పెట్టింది తినకపోతే?”

“తినకపోతే పోనీ. బలవంతం చేయకూడదని కూడా నియమమే. గిన్నె నిండా బల్ల మీద పెట్టాలి, ఎవరికి కావల్సింది వాళ్ళు వడ్డించుకోవాలి. పెట్టడం మన పని, తినడం వాళ్ళ పని.”

“మిగిలింది?”

“బల్ల మీదికొచ్చింది మళ్ళీ ఫ్రిజ్‌లోకి పోకూడదు. చెత్తబుట్టలో వెయ్యాలి.”

అంతే, ఒంటి కాలి మీద లేచింది. “చెత్తబుట్టలోనా! తిండా! మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి నా వీపు చీరేస్తది!”

ఆ రోజునుంచి మా ఇంట్లో కొత్త తంతు మొదలైంది. వదిన బల్ల కొసన కూర్చునేది, చుట్టూ ఆరుగురు పిల్లలు. బఠాణీల గిన్నెను పక్కవాడి చేతికిస్తూ, “ఇది ఆఫీసువాళ్ళు పంపిన మందురా. వద్దనుకుంటే పక్కకి తోసెయ్యి” అనేది. పిల్లలు బుద్ధిగా తోసేసేవాళ్ళు. గిన్నె చుట్టూ తిరిగి నిండుగానే ఆవిడ దగ్గరకొచ్చేది. అప్పుడు వదిన గిన్నెను ఒళ్ళోకి లాక్కుని, పెద్ద గరిటె పట్టుకుని, కళ్ళు మూసుకుని, దేవుణ్ణీ సిస్టర్లనూ డార్సీనీ వరసపెట్టి తిడుతూ గిన్నె ఖాళీ చేసేది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తుండేవాళ్ళు. బలవంతం చేయలేదు, పారేయలేదు, నియమం తప్పలేదు. కడుపు ఉబ్బి ఆవిడ పెట్టే బాధలు అన్నయ్యకీ నాకూ మాత్రమే తెలుసు. వాటి గురించి రాయకపోవడమే మర్యాద.

“వదినా, నాకొకటి అనుమానం. పిల్లలు నిన్నే చూస్తున్నారు” అన్నాను ఓరోజు.

“చూడనీ. పెద్దయ్యాక ఆఫీసు పెట్టుకుంటే ఇలాంటి నియమాలు రాయకుండా ఉంటారు.”

కోత ముమ్మరంగా సాగుతోంది. ఊరంతా మట్టి, డీజిలు వాసన. ఓ మధ్యాహ్నం బల్ల మీద అన్నీ సర్దాను. నా చేత్తోనే బఠాణీల గిన్నె నిండా పోసి మధ్యలో పెట్టాను. వదిన పొయ్యి దగ్గర పెనం మీద ప్లోయ్‌లు పోస్తోంది. ఇంతలో ఉయ్యాల్లో ఉన్న చంటిది గది ఘుమఘుమలాడించేసరికి, దాన్నెత్తుకుని లోపలికి పోయాను. కడిగి, తుడిచి, బట్టలు మార్చి వచ్చేసరికి వదిన అట్ల పళ్ళెం పట్టుకుని బల్ల ముందు నిలబడి ఉంది.

“ఏమే నార్మండ్, బఠాణీలు పెట్టలేదేమే?”

“పెట్టాను!”

“పెడితే ఏవీ? కాళ్ళొచ్చి నడిచిపోయాయా?”

చూద్దును కదా, గిన్నె కడిగినట్టుంది. అడుగున చుక్క నీరు కూడా లేదు. నేను పెట్టలేదేమో అని నాకే అనుమానం వచ్చింది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి, “నమస్కారమండీ” అని వినబడింది. డార్సీ పైక్. వీధి తలుపు తీసే ఉంది. మా మాటలన్నీ విన్నదని దాని మొహమే చెబుతోంది.

చెత్తబుట్టలోంచి బఠాణీల ఖాళీ సంచీ లాగి చూపించాను.

“అది నిన్నటిది కూడా కావచ్చు కదండీ” అంది డార్సీ, నేల చూపులు చూస్తూ. “బల్ల మీద ఉన్నదే నేను రాయాలి.”

“ఒట్టు! నా బస్సు మీద ఒట్టు! నేనే పోశాను!” అన్నాను. రిటైరైనదానికి బస్సెక్కడిది?

వదిన పిల్లల వైపు తిరిగింది. ఆవిడ గొంతు అంత చిన్నగా వినడం నేనెప్పుడూ ఎరగను. “నాన్నా, మీరు బఠాణీలు తిన్నారా?”

ఆరు తలకాయలు అడ్డంగా ఊగాయి. ఒక్కడు కూడా మాట్లాడలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని బల్లకేసి చూడటం మొదలుపెట్టారు.

వదిన కుర్చీలో కూలబడింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అవి ఊరికే ఉండగా చూడటం కూడా నేనెరగను. డార్సీ కలం తీసింది. తీసి, దాన్ని చూస్తూ నిలబడింది.

అప్పుడు రెమీ మూలిగాడు. వాడు మూడేళ్ళవాడు, వాళ్ళమ్మ షాంటెల్ దుంపల యంత్రం మీద రాళ్ళేరుతుంది. ఊపిరి తీస్తుంటే వాడి దగ్గర సన్నగా ఈల వినబడింది.

“మెమే, ముక్కు నొప్పి.” మా పిల్లలకు అమ్మమ్మయినా నాయనమ్మయినా మెమేయే.

వదిన వాడి గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచింది. ఎడమ ముక్కులోంచి పచ్చగా ఒకటి మెరిసింది.

“ఓరి నీ దుంపతెగ!” అంటూ లేచింది. వాణ్ణి ఒళ్ళో వేసుకుని, కుడి ముక్కు వేలితో మూసి, వాడి నోటికి తన నోరు ఆనించి ఒక్కసారిగా గట్టిగా ఊదింది. ఆవిడ ఊపిరి సంగతి తిట్లు విన్నవాళ్ళకు తెలుస్తుంది. టప్పుమని బఠాణీ గింజ ఎగిరి, చీమిడితో సహా డార్సీ తెల్లటి స్వెటరు మీద అతుక్కుంది.

డార్సీ దాన్ని చూసింది. నేనూ చూశాను. పచ్చటి, గుండ్రటి, సర్కారు వారి రెండో కూర.

ఆ తర్వాత గుట్టంతా బయటపడింది. ఒకదాని మేజోడులోంచి మూడు గింజలు రాలాయి. ఇంకొకడి జేబులో గుజ్జు. కవలలిద్దరి బుగ్గలు ఉబ్బి ఉన్నాయి, అప్పటిదాకా మింగకుండా దాచుకున్నారు సన్నాసులు. గింజ మిగల్చకుండా గిన్నెడూ ఊడ్చేశారు. డార్సీ నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగింది. అటు తిరిగే రాసింది, అన్నీ ఉన్నాయని. నేను దాని స్వెటరు తడిగుడ్డతో తుడుస్తూ, ఏడుస్తూ, నవ్వుతూ, మా పెళ్ళికాని మేనల్లుడి సంగతి కూడా ఎత్తాను. ఆ గొడవలో అదీ ఒకటి.

వదిన మాత్రం రెమీని ఒళ్ళోంచి దించలేదు. వాడి ముక్కు తుడుస్తూ అడిగింది.

“ముక్కులో ఎందుకు పెట్టుకున్నావురా వెర్రినాగన్నా?”

“దాచుకున్నా.”

“ఎవరూ చూడకుండానా? ఎందుకూ?”

రెమీ ఆవిడ మొహంలోకి సూటిగా చూశాడు. “నువ్వే కదా రోజూ అన్నీ తినేస్తావు. మాకు పెట్టవు.”

వంటింట్లో నవ్వు ఆగిపోయింది. డార్సీ తన కాగితాలు సర్దుకుని మెల్లగా వెళ్ళిపోయింది. వదిన పాలు పోసింది, అట్లు వడ్డించింది, బల్ల తుడిచింది. సాయంత్రం తల్లులొచ్చి పిల్లల్ని తీసుకుపోయారు. పేరు నిలిచింది, ఇల్లు నిలిచింది. అన్నయ్య సంబరంగా బీరు సీసా తీశాడు. ఆవిడ తాగలేదు.

“నార్మండ్, ఇన్నేళ్ళు చేసీ చేసీ, పసివాళ్ళ నోటికాడ కూడు లాక్కునేదాన్లా కనబడ్డానే వాడికి” అంది.

నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం వదిన బఠాణీల గిన్నె తెచ్చి ముందుగా రెమీ దగ్గరే పెట్టింది. మందనీ అనలేదు, ఆఫీసువాళ్ళనీ తిట్టలేదు. “తీసుకో నాన్నా, నీకెన్ని కావాలో అన్నీ” అంది. వాడు గిన్నెను రెండు చేతులా పట్టుకుని ముందు ఆవిడ చెయ్యి అందనంత దూరం జరిపాడు. తన పళ్ళెం నింపుకున్నాడు. పక్కవాళ్ళవీ నింపాడు. తర్వాత కాసేపు ఆవిడ ఖాళీ పళ్ళెంకేసి చూసి, ఒక్క గింజ వేళ్ళతో పట్టుకుని తెచ్చి అందులో పెట్టాడు.

“నీకు ఒక్కటే, మెమే” అన్నాడు.

మా వదిన ఆ ఒక్కదాన్నీ నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది.