రెండు చెవుల కప్పు

మా ఇంట్లో చక్రం తిప్పేది నేనేనని బంధువులంతా అనుకుంటారు. బరంపురం శివారు అంకులిలో కుండల క్లాసుకు చేరాక గానీ నాకు చక్రం తిప్పడం రాదని తేలలేదు.

నేను చేరింది కళ కోసం కాదు, కప్పు కోసం. పక్షవాతం తగ్గాక మా ఆయన కుడిచెయ్యి తిరిగి వచ్చింది గానీ వణుకును వెంటబెట్టుకొచ్చింది. బరంపురం బజారులో బెల్లం, చింతపండు టోకున అమ్మిన మనిషి. అస్కా వైపు నుంచి వచ్చిన బెల్లం దిమ్మను ఒంటిచేత్తో తిప్పి చూపించేవారు. నాకు షుగరు వచ్చి, బెల్లం కొట్టువారి ఇంట్లో ఉండి బెల్లం తినకూడని దాన్నయ్యాను. అది వేరే సంగతి. ఇప్పుడు కప్పు ఆయన పెదాల దాకా వచ్చేసరికి టీ సగం లుంగీయే తాగేస్తోంది. నేను పట్టి తాగిస్తానంటే మొహం గోడవైపు తిప్పుకుంటారు. మూతకి గొట్టం ఉన్న ప్లాస్టిక్ కప్పు తెస్తే, "నానేటి, సంటిపిల్లోణ్ణా?" అన్నారు.

అడుగు వెడల్పుగా, రెండు చేతులతో పట్టుకునేలా రెండు చెవులున్న కప్పు ఒకటి చేయగలిగితే, ఆయన టీ ఆయనే తాగుతారు. నాకు కావలసింది అంతే.

క్లాసు చెప్పేది ఒడియా అమ్మాయి. మాతో మాట్లాడి మాట్లాడి మా తెలుగే పట్టింది. నన్ను 'మావుసీ' అంటుంది, పిన్ని అన్నమాట. మొదటిరోజు మట్టి పిసకమంది. చపాతీపిండి లాంటిదే కదా అని మడతపెట్టి గుద్దాను.

"అలగ మడతెట్టకండి మావుసీ! గాలి లోపలుండిపోద్ది. కాల్సినప్పుడు పేల్తాది."

పిండిలో గాలి పట్టిస్తే పూరీ పొంగుతుంది, మెచ్చుకుంటారు. మట్టిలో పట్టిస్తే బట్టీ తలుపు మూసుకుని దండం పెట్టుకోవాలి.

తర్వాత సెంటరింగ్. తిరిగే చక్రం మీద మట్టిముద్దను నడిమధ్యకు తెచ్చి అటూ ఇటూ ఊగకుండా నిలపడం. మోచేతులు తొడలకు ఆనించి అరచేతులతో అదిమిపట్టాలి. నేను మట్టిని మధ్యకు నెట్టాను, మట్టి నన్ను పక్కకు నెట్టింది.

"మట్టితో దెబ్బలాడకండి మావుసీ. సెయ్యి కదలకుండా ఉంచండి సాలు. సెయ్యి నిలబడితే మట్టి నిలబడతాది."

చెయ్యి నిలబడితే నేనిక్కడికి ఎందుకొస్తాను తల్లీ, అనుకున్నాను.

చాలా వారాలు మట్టి కరిచాను. గోడ లేపితే కూలేది. చివరికి ఒకటి నిలబడింది, ఎవరి మాటో వింటున్నట్టు కాస్త ఒరిగి. చెప్పుతోలంత గట్టిపడ్డాక చెవులు అతికించాను. అతికే చోట గీతలు గీసి, పలచటి మట్టినీళ్లు రాసి అదమాలి. జారకుండా పట్టి ఉంచే ఆ నీళ్ల పేరు స్లిప్! పేరు పెట్టినవారిది కూడా నాలాంటి చెయ్యే అయ్యుంటుంది.

క్లాసు గది చెమ్మ. అందుకని ఇంటికి తెచ్చి వంటింటి అరమీద ఆరబెట్టాను. ఆయన రోజూ దూరం నుంచి చూసేవారు.

"ఒక సెవి పెద్దది, ఒకటి సిన్నదీ అయిపోనాదే."

"మీ మాట ఒక సెవితోటి ఇని ఇంకో సెవితోటి వదిలేడానికి."

నవ్వారు. చాన్నాళ్లకు.

ఎండాక పాతచీర ముక్కలో చుట్టి, కాల్చడానికి పట్టుకెళ్లాను. నేను కట్టిన మూటలా లేదు, ఇంత వదులుగా ఉందేమిటని దారిలో అనుకున్నాను కూడా. అలాగే బట్టీ పక్కన అరమీద పెట్టి వచ్చాను. అంతలో వాన పట్టుకుంది. అది కరెంటు బట్టీ. నిండేదాకా కాల్చరు, నిండేసరికి కరెంటు లేదు. ఒకరోజు ఆ అమ్మాయి ఫోను.

"మావుసీ, మీ కప్పు ఎత్తితే అడుగు ఊడి కిందే ఉండిపోనాది. లోపల ఏటేసేరు? ఇన్ని సీమలేటి?"

వెళ్లి చూశాను. అడుగున కరిగిన బెల్లం. కాల్చని మట్టికి తడి తగిలితే మళ్లీ బురదే.

మా వ్యాపారస్తుల ఇళ్లలో గిన్నె ఖాళీగా గుమ్మం దాటదు. పక్కింటివాళ్ల గిన్నె తిరిగిచ్చినా అందులో బెల్లంముక్కైనా వేసి ఇస్తాం. నేను చెప్పులు వేసుకునేలోగా ఆయన మూట విప్పారన్నమాట.

ఇంటికి రాగానే, "కాల్సేరేటి?" అన్నారు.

"ఇంకా లేదండి. వానలు కదా."

"కాల్తాదిలే. ఒట్టిగా పంపలేదు నాను, బెల్లవేసేను. మళ్లీ మూట కూడా నానే కట్టేను."

జబ్బు చేశాక ఆ చెయ్యి ఒకరి సాయం లేకుండా పూర్తిచేసిన పని అదొక్కటే.

జతగా నాకూ ఒకటి కావాలని అబద్ధమాడి మళ్లీ చేశాను. ఈసారి చెవులు సమానంగా వచ్చాయి, కప్పే వంకర. ఇవాళ దాన్ని కాల్చడానికి పట్టుకుని బయలుదేరితే ఆయన గుమ్మంలో ఉన్నారు, చేతిలో బెల్లంముక్కతో.

"ఆగే! అలగ ఒట్టిగా అట్టుకెలిపోతావేటి?"

చెయ్యి కప్పుకు గురి కుదరక గాలిలో తిరుగుతోంది. చూస్తూ నిలబడలేక కప్పునే ఆ చేతి కిందకు జరిపాను. ముక్క టక్కున పడింది.

"అదీ" అన్నారు.

వీధి మలుపు తిరిగాక ముక్క తీశాను. పారేయడానికి మనసు రాలేదు, వెనక్కి పట్టుకెళ్లే దారి లేదు. నోట్లో వేసుకుని ఆటో ఎక్కాను. పచ్చి కప్పును చెవులు పట్టుకుని ఎత్తకూడదు, ఊడివస్తాయి. అడుగు కింద రెండు చేతులూ పెట్టి ఒళ్లో పట్టుకున్నాను. అంకులి దాకా గుంతలే. ఎంత బిగబట్టినా నా చేతులు నిలబడలేదు.