ఇంజన్ లేని బండికి బ్రేకులు

వానలు వెలిసిన కొన్ని రోజులకు ఎల్లారెడ్డి నుంచి ఖాలమ్మ ఫోన్ చేసింది. ఖాలమ్మ అంటే మా ఉస్తాద్ భార్య. మీసాలు రాని వయసులో నేను పానా పట్టుకోవడం నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఇప్పుడు కామారెడ్డిలో నాకు సొంత షెడ్డు ఉంది. అయినా ఆ ఇంటి నుంచి ఫోన్ వస్తే ఇప్పటికీ లేచి నిలబడే మాట్లాడతాను.

"బేటా, కారు నీళ్లల్ల మునిగింది. నువ్వొచ్చి చూస్తెగాని బువ్వ తిననని కూసున్నడు," అంది.

ఉస్తాద్‌ది మీగడ రంగు అంబాసిడర్. ఒకప్పుడు కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య కిరాయికి తిప్పేవాడు. షేర్ ఆటోలు వచ్చాక కిరాయిలు పోయాయి కానీ ఆయన దాన్ని అమ్మలేదు. శుక్రవారం జుమ్మా నమాజు నుంచి వచ్చి కాసేపు ఇంజన్ నడిపించి ఆపేవాడు. ఈ మధ్య చేతులు వణుకుతున్నాయి, స్క్రూ కూడా నిలవడం లేదు. మతిమరుపు కూడా మొదలైంది. తాగిన చాయ్ తాగలేదంటాడు.

మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కాను. దారి పొడవునా వరి పొలాలు ఒండ్రు కింద పడుకుని ఉన్నాయి. వాళ్ల ఇల్లు వాగు వైపు పల్లంలో ఉంటుంది. రేకుల షెడ్డు గోడ మీద కిటికీ ఎత్తున మట్టి గీత. కారు సీట్లు ఎండలో ఆరేసి ఉన్నాయి. ఉస్తాద్ కుర్చీ వేసుకుని బానెట్ ముందే కూర్చున్నాడు.

"తాళం ముట్టకు," అన్నాడు నన్ను చూడగానే. "ముందుగాల ప్లగ్గులిప్పు."

నాకు ఆయన నేర్పిన మొదటి పాఠాల్లో అదొకటి. ఇంజన్ లోపల పిస్టన్ గాలిని నొక్కగలదు గానీ నీళ్లను నొక్కలేదు. నీళ్లు నిండిన ఇంజన్ను బలవంతంగా తిప్పితే, పిస్టన్‌ను పట్టుకున్న రాడ్డు వంగుతుంది, లేదా విరుగుతుంది. అందుకే మునిగిన బండికి ముందు ప్లగ్గులు విప్పి నీళ్లు బయటికి పోనివ్వాలి. ఆ రంధ్రాల్లో కాస్త ఆయిల్ పోసి నానబెట్టాలి. ఆ తర్వాత హ్యాండిల్‌తో చేత్తోనే, మెల్లగా తిప్పి చూడాలి. బ్యాటరీ సంగతి చివరికి.

అన్నీ ఆ వరుసలోనే చేశాను. ప్లగ్గుల రంధ్రాల్లోంచి మట్టినీళ్లు వచ్చాయి. కింద ఆయిల్ మర విప్పితే పాలెక్కువైన చాయ్ రంగులో జారింది. అంతవరకు నాకు భయం వేయలేదు. అవన్నీ కడిగితే పోయేవే. హ్యాండిల్ పెట్టి తిప్పాను. సగం తిరిగి ఇనుముకు ఇనుము తగిలినట్టు టక్కున ఆగింది.

"ఆగిందా?" అన్నాడు ఉస్తాద్.

"పట్టేసినట్టుంది. నాననీయాలె."

టార్చి పట్టుకుని కిందికి దూరాను. ఇంజన్ బ్లాకు పక్క గోడకు అరచేయి పట్టేంత కంత. దాని చుట్టూ పగుళ్లు. ఆ కంతలోంచి విరిగిన రాడ్డు కొస కనిపించింది. నిలబడి ఉన్న బండి మునిగినంత మాత్రాన రాడ్డు విరగదు. దాన్ని ఎవరో తిప్పారు. అదీ గట్టిగా తిప్పారు.

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళితే ఖాలమ్మ చెంబుతో నీళ్లు పోస్తూ గొంతు తగ్గించింది.

"నీళ్లు తీసినంక ఆయననే గుంజించిండు బేటా. పక్కింటి ట్రాక్టర్‌కు తాడు కట్టించి, గేర్ల ఏసి, తనే స్టీరింగు పట్టుకున్నడు. వద్దంటే ఇనలే. వాకిలి దాటకముందే పెద్ద సప్పుడొచ్చింది."

"ప్లగ్గులు ఇప్పలేదా?"

"నాకేం తెలుస్తది? నీళ్లు చూసిన కాడికెల్లి ఆయన మనిషి తీరుగ లేడు. తెల్లారి అడిగితే గుంజించిందే యాదికి లేదు. నువ్వు చెప్పకు. తెలిస్తే తట్టుకోడు."

ఇవతలికి వచ్చేసరికి ఉస్తాద్ వంగి కారు కిందికి చూడాలని ప్రయత్నిస్తున్నాడు. నడుము సహకరించలేదు.

"ఏమైంది? సాఫ్ చెప్పు."

"బ్లాకు పగిలింది ఉస్తాద్."

ఆయన మొహం నల్లబడింది. "ప్లగ్గులిప్పకుండ తిప్పిండ్రా ఎవరన్న?"

ఖాలమ్మ చెంబు పట్టుకుని గడపలోనే ఆగిపోయింది.

"తెల్వదు," అన్నాను.

"ఎవడో లంగ పని చేసిండు," అని చాలాసేపు తిట్టాడు. ఆ తిట్లు వింటూ పానాలు తుడుచుకున్నాను.

ఇంజన్ను చైన్ పుల్లీతో దింపి ట్రాలీలో కామారెడ్డికి తెచ్చాను. నాకు తెలిసిన లేత్ మిషన్ ఆయన కంతలో వేలు పెట్టి తడిమి, సిలిండర్ గోడ దాకా పగులు పాకిందన్నాడు. పోత ఇనుమును వేడి చేసి అతుకు వేస్తే ఒక పగులు మూసుకుంటుంది, చల్లారేటప్పుడు పక్కన ఇంకోటి లేస్తుంది. పైపైన అయితే మరలు బిగించి కుట్టవచ్చు, పిస్టన్ ఆడే చోట కుదరదు. ఇదంతా నాకూ తెలిసిందే. అయినా ఇంకో వెల్డరు దగ్గరికి మోసుకెళ్లాను. ఆయనా తల అడ్డంగా ఊపాడు.

రాష్ట్రం సరిహద్దున, మద్నూర్ అవతల ఒక రైతు దగ్గర ఇలాంటి కారే పడి ఉందని విని పోయాను. ఆ ఇంట్లో అందరూ మరాఠీలో మాట్లాడుకుంటున్నారు. ఇంటాయన నాకోసం తెలుగులోకి దిగి, "ఇంజన్ పోయింది అన్నా. వానలకు ముందే పాత ఇనుపోళ్లు తీస్కపోయిండ్రు. బాడీ కావాల్నా?" అన్నాడు. డ్రైవర్ సీటు ఉండాల్సిన చోట కోడి గుడ్లు పొదుగుతూ కూర్చుంది. వద్దని చెప్పి, వాళ్లిచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను.

వేరే బండి డీజిల్ ఇంజన్ పెట్టమని కొందరు సలహా ఇచ్చారు. పెట్టవచ్చు. కానీ ఇంజన్ కూర్చునే చోటే ఇనుము తుప్పుకు పలచబడింది. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే లోపలికి దిగిపోయింది. పాత బండి కొనేవాళ్లకు నేను ముందు ఆ చోటే చూడమంటాను. రంగు ఎంత మెరిసినా ఆ ఇనుము మెత్తబడితే బండి తీసుకోవద్దని చెబుతాను. ఈ బండి తీసుకోవద్దని ఎవరికి చెప్పాలి?

చివరికి ఎల్లారెడ్డి వెళ్లి, ఉస్తాద్ ఎదుట కూర్చుని, ఇక కాదని చెప్పేశాను. ఆయన లేచి కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"అయితే బ్రేకులు చెయ్యి," అన్నాడు.

"ఇంజన్ లేని బండికి బ్రేకులెందుకు ఉస్తాద్?"

"వాకిలి వాలు చూసినవా? గల్లీ పోరగాండ్లు ఎక్కి ఆడుతరు. జారితే పోయి వాగుల పడ్తది."

చక్రాలు విప్పి డ్రమ్ములు రుద్దాను. లోపలి రబ్బర్లు మార్చాను. వాటిని పెట్రోలుతో కడగకూడదు, ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. చివరి పని పైపుల్లో గాలి తీయడం. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే ఇంకొకరు చక్రం దగ్గర మర వదిలి, గాలి బుడగలు పోయాక బిగించాలి. పెడల్‌కు అన్నిటికన్నా దూరంగా ఉండే వెనక చక్రంతో మొదలుపెట్టాలి.

"నేను తొక్కుత," అన్నాడు ఉస్తాద్. పట్టుకుని సీట్లో కూర్చోబెట్టాను. మొదటి చక్రం అవకముందే కాలు అలిసిపోయింది. మర బిగించేలోపే పెడల్ వదిలేస్తున్నాడు, గాలి మళ్లీ లోపలికి పోతోంది. ఆయనకే తెలిసింది. దిగి, ఖాలమ్మను పిలిచాడు.

"నేనా?" అంటూనే చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని కూర్చుంది. ఆ కారులో ఆమె ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చునేది.

"ఒత్తు. పట్టుకో. నేను చెప్పేదాంక ఇడువకు."

"ఒత్తిన గదా, ఎన్నిసార్లు చెప్తవ్!"

అన్ని చక్రాలూ అయ్యేసరికి పెడల్ రాయిలా గట్టిపడింది. కారును వాలులోకి తోశాను. ఖాలమ్మ తొక్కింది, నిలిచింది. ఉస్తాద్ తలుపు మీద చేయి వేసి, ఎన్నో రోజుల తర్వాత నవ్వాడు.

"మంచిగ పట్టింది," అని నా వైపు తిరిగాడు. "ఇగ ఇంజన్ ఎప్పుడు ఎక్కిస్తవ్ బేటా?"

ఖాలమ్మ పెడల్ మీద కాలు తీయకుండా ముందుకే చూస్తూ ఉండిపోయింది. మళ్లీ మొదటి నుంచి చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

"చేస్తున్న ఉస్తాద్," అన్నాను.

ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. ఎంతవరకు వచ్చిందని అడుగుతాడు. కార్బురేటర్ కడిగానంటే, జెట్ల సన్న రంధ్రాల్లో తీగ పెట్టవద్దు, గాలి కొట్టమంటాడు. వాల్వులు రుద్దుతున్నానంటే, తొందరపడొద్దంటాడు. అబద్ధం కాకూడదని, ఫోన్ పెట్టేశాక నిజంగానే కూర్చుని రుద్దుతాను. బ్లాకు షెడ్డు మూలన గోనెసంచి కింద ఉంది. దానిమీద బిగించే తల, ఆ వాల్వులు కూర్చునే ముక్క మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది.