కేబుల్ టీవీలో నా ఎలుగుబంటి

ఆ రోజుల్లో లోకానికి నా అవసరం చాలా ఉందని నా నమ్మకం. లోకానికే ఆ సంగతి ఇంకా తెలియలేదు. హైదరాబాదులో బొమ్మల కాలేజీలో చదువుతూ, సెలవులకు సారపాక వచ్చినప్పుడల్లా సంచిలో బట్టలకన్నా బొమ్మల కథల పుస్తకాలే ఎక్కువ తెచ్చేవాణ్ణి. చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్న పాత వీడియో గేమును అటక మీద నుంచి దించి, అందులో నాలుగు చుక్కల మనిషి గెంతేటప్పుడు మోకాలు ఎలా వంచుతాడో గంటల తరబడి చూసేవాణ్ణి. (ఆడటం కాదు, చూడటం. మా చిన్నమ్మ లెక్కలో అది ఆటకన్నా ముదిరిన జబ్బు.)

నాయన మా ఊరి కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేసేవాడు. నా చదువు ఆఖరికి వచ్చేసరికి, ఈ బొమ్మలు అన్నం పెడతాయా అని అడిగాడు. ఒక్క కార్టూన్ సినిమా తీసి చూపిస్తానన్నాను. అది నచ్చితే యానిమేషన్ నేర్చుకోవడానికి పంపాలి, లేదంటే నేను మిల్లులో చేరాలి. ఇదీ మా ఒప్పందం.

కథ చిన్నదే. అడవిలో ఓ ఎలుగుబంటి రాలిన ఇప్పపువ్వు కడుపారా తిని, తూలుతూ నడిచి, చెట్టు కింద పడి నిద్రపోతుంది. దాని చేత ఒక్క అడుగు వేయించాలంటే బొత్తెడు కాగితాలు కావాలి. గాలికి అవి ఎగిరిపోతాయని ఇంట్లో ఫ్యాను వేయనిచ్చేవాణ్ణి కాదు. ఆ ఎండాకాలమంతా నా కళ కోసం ఇంటిల్లిపాదీ చెమటలు కక్కారు. భద్రాచలంలో నెట్ సెంటర్ నడిపే మా బావ ఆ బొమ్మలన్నీ స్కాన్ చేసి, కంప్యూటర్లో కదిలించి, సీడీ చేసిచ్చాడు. మా ఊరి కేబుల్ నడిపేవాడు నాయనకు దోస్తు. ఆదివారం మధ్యాహ్నం సినిమాకు ముందు వేస్తానని మాటిచ్చాడు.

ఆ రోజు చుట్టాలంతా మా టీవీ ముందు చేరారు. ఎలుగు వచ్చింది, తిన్నది, పడుకుంది. అంతే. నిమిషం కూడా నిండలేదు. అమ్మ పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, "షురువైందా?" అని అడిగింది. చిన్నమ్మ అది పళ్ళపొడి ప్రకటన అనుకుని, అసలు సినిమా కోసం కళ్ళార్పకుండా కూర్చుంది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

అక్కడితో ఆగినా బతికిపోదును. కేబుల్ ఆయన నా మీద జాలిపడి మళ్ళీ వేశాడు. తర్వాత మళ్ళీ వేశాడు. ఎలుగు తింటుంది, తూలుతుంది, పడుకుంటుంది, మళ్ళీ లేచి వస్తుంది. చివరికి పక్కింటాయన గుమ్మంలోకి వచ్చి నాయనతో నెమ్మదిగా అన్నాడు: "అన్నా, మీ ఎలుగు పండుడు మా అందరికీ తెలిసింది గానీ, సినిమా ఎప్పుడేస్తరో జర అడుగరాదే."

నేను పెరట్లోకి పోయి గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఎవరన్నా తిట్టినా బాగుండేది. చుట్టాలు తిన్న విస్తళ్ళు తీసి, పచ్చడి బాగుందని చెప్పి వెళ్ళిపోయారు. సాయంత్రం నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆ ఎలుగు పండేముందు ఒకపాలి ఎనక్కి తిరిగి చూసిందేందిరా?"

నా కాగితాల్లో సగం ఆ చూపుకే పోయాయి. ఇంకెవరూ దాన్ని గమనించలేదు.

"తోడు ఎవరన్నా వస్తున్నరేమో అని, నాయనా."

"అవ్. నాకూ గట్లనే అనిపించింది." ఇక చదువుకు పంపిస్తాడనుకున్నాను. ఆయన లేచి లుంగీ దులుపుకున్నాడు. "మంచిగుంది. గానీ గంత చిన్న ముచ్చటకు ఎండకాలమంతా పోతే ఎట్ల బతుకుతవు బిడ్డా? రేపు జల్దీ లేవు, మిల్లుకు పోదాం."

చేరాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. రెండో సినిమా తీయలేదు. నాయన పోయి చాలా ఏళ్ళయింది. అప్పుడప్పుడు షిఫ్టు దిగి వస్తుంటే పెరట్లో గోడవైపు తిరిగి కూర్చున్న ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఊరు మెచ్చలేదని కుమిలిపోయాడే గానీ, నాయన అంత శ్రద్ధగా చూశాడన్న మాట వాడికి ఆ రోజు తట్టనే లేదు. వెర్రినాగన్న.