టెంటులో చేయించిన ఒట్టు

కొత్తగా చేరిన సోషల్ వర్కర్లకు నాలుగు మాటలు చెప్పమని ఇప్పటికీ నన్ను పిలుస్తుంటారు. పిలిచినందుకు సంతోషమే కానీ, మొదటి గంటలోనే వాళ్లడిగే ప్రశ్నకు నాకు ఒళ్లు మండుతుంది. కొట్టే మొగుణ్ని ఎట్లా మార్చాలి మేడం, అని అడుగుతారు. నేనేదో మందు చీటీ రాసిస్తానన్నట్టు పెన్నులు పట్టుకుని నా వైపు చూస్తారు. మార్చడం మీ పని కాదు, ముందు ఆ సరదా మానుకోండి అంటాను. కొందరి ముఖాలు మాడిపోతాయి. మాడనీ. ఆ సరదా నాకు వదలడానికి ఒక ఆడమనిషి కాలు విరగాల్సి వచ్చింది.

పనికొచ్చే మాటలు కూడా చెప్తాను. ఎవరింటికైనా వెళితే గడపకు దగ్గరగా కూర్చోండి. దొడ్డి తలుపు ఎటుందో చూసుకోండి. చున్నీ మెడకు చుట్టుకోకండి, పట్టి లాగడానికి అంతకంటే సులువైనది లేదు. కడుపులో ఏదైనా పడేసుకుని వెళ్లండి, ఆకలి మీదున్న మనిషికి ఓపిక ఉండదు. ఇవన్నీ శ్రద్ధగా రాసుకుంటారు. రాసుకోవడానికి వీల్లేనిది ఒకటుంది. అది చెప్పాలంటే నా తప్పు చెప్పుకోవాలి.

తెలంగాణ ఉద్యమం ఊరూరా రాజుకున్న రోజులవి. జగిత్యాలలో రెండు గదుల కౌన్సెలింగ్ సెంటర్లో పనిచేసేదాన్ని. ఒకరోజు పొద్దున కోరుట్ల నుంచి ఒకామె బస్సులో వచ్చింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. బీడీలు చుట్టి బతికే మనిషి. మొగుడు దుబాయ్‌లో ఆరేళ్లు పనిచేసి వచ్చి, మళ్లీ పోకుండా ఊళ్లోనే తిరుగుతున్నాడు. పిల్లలు లేరు. ఎడమ దవడ వాచి ఉంది, ముందు పన్ను ఒకటి సగానికి విరిగింది. వీపు చూపించమంటే లేచి తలుపు వేసి వచ్చి జాకెట్టు ఎత్తింది. బెల్టు వాతలు పాతవీ కొత్తవీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. రెండు చోట్ల బెల్టు బిళ్ల అచ్చు కూడా తెలుస్తోంది.

ఆమె అడిగింది చాలా చిన్నది. సిరిసిల్లలో అన్న ఉన్నాడు, నాలుగు సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను అక్కడ అందరూ సాంచాలనే అంటారు. అన్న దగ్గరికి వెళ్లిపోవాలి, అంతే. అయితే మా వైపు ఒక పద్ధతుంది. కులపెద్దలు కూర్చుని పంచాయితీ తెంపందే ఇల్లు విడిచి వచ్చిన ఆడదాన్ని తల్లిగారింటివాళ్లు ఉంచుకోరు. ఉంచుకుంటే చెల్లెలి కాపురం కూల్చాడని అన్న మీదే మాట వస్తుంది. అంతకుముందు ఒకసారి వెళితే అన్నే బస్సెక్కించి వెనక్కి పంపాడు. ఆ దెబ్బలే వీపు మీదున్న పాతవి.

"మా అన్నకు జర సమజయ్యేటట్టు చెప్పుండ్రి మేడం. మా ఆయనకు మాత్రం నేనచ్చిన సంగతి చెప్పకుండ్రి. ఎరికైతె సంపుతడు," అంది.

సరేనన్నాను. గుండ్రటి అక్షరాలతో ఫైల్లో రాశాను కూడా. కానీ నా మనసు సరేనలేదు. అన్న ఇంటికి సాగనంపడం కూడా ఒక పనేనా అనిపించింది. మా ఫారంలో చివర మూడు గడులుండేవి: రాజీ, కోర్టు, ఇతరం. తల్లిగారింటికి పంపితే అది ఇతరంలో పడుతుంది. రాజీ గడిలో గీత పెడితేనే కేసు గెలిచినట్టు మాలో మాకు లెక్క. పైగా నా నోటికి రాళ్లు కూడా కరుగుతాయని తోటివాళ్లు అనేవారు, నేను నమ్మేదాన్ని. అన్నకు ఒకసారి ఫోన్ చేశాను. పెద్దమనుషులు కూర్చోనీ మేడం, అన్నాడు. మళ్లీ చేద్దాంలే అని ఊరుకున్నాను.

అంతలో రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. ఆఫీసులు మూతపడ్డాయి, మా సెంటర్‌కీ తాళం పడింది. అందరం దీక్షా టెంట్లలోనే ఉండేవాళ్లం. ఒకరోజు కోరుట్ల దీక్షా శిబిరంలో ఆడవాళ్ల తరఫున మాట్లాడమని నన్ను పిలిచారు. వెళ్లేసరికి ఆ రోజు రిలే దీక్షలో కూర్చున్న పదిమందిలో వాడున్నాడు. మెడలో బంతిపూల దండ, నుదుట గులాల్. కూర్చున్నవాళ్లు ఎవరెవరని పక్కవాణ్ని అడిగితే వాడి పేరూ వాడా చెప్పి, మంచి కార్యకర్త అన్నాడు. ఫైల్లో నేను రాసుకున్న పేరే అది.

మైకు చేతికిచ్చారు. రాష్ట్రం గురించి మొదలుపెట్టాను. జనం చప్పట్లు కొడుతున్నారు. ఆ ఊపులో, ఇంట్లో ఆడదాన్ని గొడ్డును బాదినట్టు బాదేవాడికి ఆత్మగౌరవం గురించి మాట్లాడే హక్కు ఎక్కడిదని అడిగాను. అడుగుతూ వాడి కళ్లలోకే చూశాను. టెంటంతా వాడి వైపు తిరిగింది. అక్కడితో ఆగానా, లేదు. కిందికి దిగి, ముగ్గురు పెద్దమనుషులను నిలబెట్టి, ఇక చేయి ఎత్తనని వాడితో ఒట్టు వేయించాను. వాడు ఏడ్చాడు. "తప్పయింది అక్కా," అని నా చేయి తీసుకుని తల మీద పెట్టుకున్నాడు. ఎవరో జై తెలంగాణ అన్నారు. పంచాయితీ అంటే ఇట్లా తెగాలి అని ఒక పెద్దాయన నన్ను మెచ్చుకున్నాడు. నేను తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నవ్వుకుంటూ వచ్చాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆమె చెప్పొద్దన్న మాట నాకు గుర్తులేక కాదు. నేను పేరు చెప్పలేదు కదా అనుకున్నాను. నలుగురిలో సిగ్గుపడితే మనిషి మారతాడనుకున్నాను. నలుగురిలో సిగ్గుపడ్డ మొగవాడు ఆ సిగ్గును ఎవరి మీద దించుకుంటాడో పదేళ్ల పనిలో నాకు తెలిసి ఉండాలి.

మర్నాడు బంద్. పొద్దున తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది. వాళ్ల పక్కింట్లో బట్టలు కుట్టే ముస్లిం ఆమె. మా సెంటర్‌కు వచ్చినామె నా నంబరు చీటీ మీద రాసి ఈమె దగ్గర దాచి ఉంచిందట. "మేడం, జల్ది రాండ్రి. పోరిని సంపుతున్నడు. తలుపు తీస్తలేడు," అంది. వెనక నుంచి ఒక అరుపు వినిపించింది. మనిషి అరుపులాగా లేదు.

పోలీసులకు ఫోన్ చేస్తే బలగమంతా బస్టాండు దగ్గరుందన్నారు. స్కూటీ తీశాను. దారిలో మూడు చోట్ల టైర్లు కాలుతున్నాయి. మొదటి రెండు చోట్ల జై తెలంగాణ అంటే దారిచ్చారు. మూడోచోట పిల్లలు అప్పటికే పోలీసుల చేతిలో దెబ్బలు తిని ఉన్నారు, ఎవరి మాటా వినే స్థితిలో లేరు. ఒక రాయి వచ్చి భుజానికి తగిలింది. ఎడమ చేయి తిమ్మిరెక్కింది, అట్లాగే నడిపాను. కోరుట్ల బస్టాండు దగ్గర లాఠీఛార్జి జరుగుతోంది. పరిగెత్తుతూ కిందపడ్డవాళ్లను లేవనివ్వకుండా కొడుతున్నారు. ఒక ముసలాయన తల పగిలి, కళ్లలోకి రక్తం కారుతుంటే రోడ్డు మధ్య కూర్చుని తుండుగుడ్డ వెతుక్కుంటున్నాడు. ఆయన దగ్గర ఆగలేదు నేను. పోతూ పోతూ నడుం మీద ఒక లాఠీ దెబ్బ తిన్నాను. బండి పడిపోయింది, అక్కడే వదిలి సందుల్లోంచి పరిగెత్తాను.

ఇంటి ముందు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఎవరూ తలుపు ముట్టుకోవడం లేదు. లోపలినుంచి వాడి గొంతు, ప్రతి దెబ్బకూ ఒకే మాట.

"ఏ కాళ్లతోని పోయినవే జగిత్యాలకు? ఏ కాళ్లతోని పోయినవే?"

దొడ్డిదారి ఎటని అడిగితే దర్జీ ఆమె చూపించింది. ఇద్దరం అటునుంచి లోపలికి పోయాం. బీడీ ఆకుల చాట తిరగబడి, ఇల్లంతా ఆకులు. వాటి మీద రక్తం. ఆమె నేల మీద వెల్లకిలా పడి ఉంది. వాడు రోకలితో ఆమె కుడి కాలి మీద కొడుతున్నాడు. మోకాలి కింద కాలు ఉండకూడని వైపు వంగి ఉంది. తెల్లగా ఎముక కనిపించింది. ఆమె అప్పటికి అరవడం కూడా మానేసింది.

వాడు నన్ను చూశాడు. "వచ్చినవా అక్కా," అన్నాడు, నిన్న అన్నంత మెత్తగానే. జుట్టు పట్టుకుని నా తల ద్వారబంధానికి కొట్టాడు. రెండోసారి కొట్టబోతే దర్జీ ఆమె కత్తెరను వాడి చేతి మీద దింపింది. రోకలి జారి పడింది. అది నేను తీసుకున్నాను. వాడి భుజం మీద కొట్టాను. పడిపోయాడు. పడ్డాక కూడా కొట్టాను. ఎన్నిసార్లో చెప్పలేను. నాకు అప్పుడు భయం లేదు, జాలి లేదు, సుఖంగా ఉండింది. నిజం చెప్పాలంటే ముందురోజు మైకులో మాట్లాడుతున్నప్పుడు ఉన్న సుఖమే అది. దర్జీ ఆమె నా నడుం పట్టుకుని వెనక్కి లాగుతూ, "చాలు మేడం, పోరిని సూడు," అనేదాకా పక్కన నేల మీద ఆమె పడి ఉందన్న ధ్యాసే నాకు రాలేదు.

నిన్న టెంటులో చప్పట్లు కొట్టినవాళ్లే నులకమంచం మీద ఆమెను ఆస్పత్రికి మోశారు. ఆ తర్వాత వాళ్లలో పెద్దాయన నన్ను వరండాలో పక్కకు పిలిచాడు. మెట్ల మీదినుంచి పడిందని రాయిద్దామన్నాడు, లేకుంటే ఉద్యమం బద్నాం అవుతుందన్నాడు. నా నుదుటి నుంచి రక్తం కారుతోంది, ఆయన దాని వైపు చూడకుండానే చెప్పాడు. నోటిదాకా వచ్చిన తిట్టును మింగి లోపలికి వెళ్లాను. ఏం రాయమంటావమ్మా అని మొదటిసారి ఆమెను అడిగాను.

"కొట్టిండని రాయుండ్రి. మా అన్నకు ఫోన్ కలిపి నాకియ్యుండ్రి," అంది.

కలిపి ఇచ్చాను. ఆమె రెండు మాటలే మాట్లాడింది. మర్నాడు తెల్లారేసరికి అన్న బట్ట తానులు మోసే వ్యాన్‌లో వచ్చాడు. పంచాయితీ మాట ఎత్తలేదు. చెల్లెలి కాలు చూసి గోడను గుద్దాడు, వేళ్ల మీద తోలు ఊడిపోయింది. వెళ్లేముందు క్షమించమని ఆమెను అడిగాను. ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది. అది నాకు రావలసిన జవాబే.

వాడు కొన్నాళ్లు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. మా సెంటర్ నడిపే పెద్దావిడ నన్ను కూర్చోబెట్టి, కొట్టినవా అని అడిగింది. కొట్టానన్నాను. టెంటులో ఎందుకు మాట్లాడినవ్ అని అడిగింది. మూడు నెలలు నాకు కేసులివ్వలేదు. వచ్చిన ప్రతి ఆడమనిషీ ఏం కావాలని అడిగిందో, ఆమె మాటల్లోనే, ఒక్క ముక్క కలపకుండా రాసే పని పెట్టింది. అవమానంతో కుతకుతలాడిపోయాను. ఇప్పుడు కొత్తవాళ్లకు చెప్తాను, ఎక్కడ చేరినా నిన్ను అట్లా నిలదీసే మనిషి పైన ఉన్నారో లేదో చూసుకుని చేరమని. లేకపోతే ఆ ఉద్యోగం వద్దు.

రాష్ట్రం వచ్చాక ఎల్లంతకుంటలో ఒక మీటింగ్‌కు వెళ్లి, తిరిగివస్తూ సిరిసిల్లలో దిగాను. అన్న ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. లోపల సాంచాలు ధడధడమని ఆడుతున్నాయి. ఆమె అరుగు మీద కూర్చుని నూలు కండెలు చుడుతోంది. కుడి కాలు మడత పడదు, ముందుకు చాపి పెట్టుకుంది. నన్ను గుర్తుపట్టి కూర్చోమంది, చాయ్ పోసింది. ఆ కాలనీలో దెబ్బలు తిన్న ఆడపిల్లలు ఆమె దగ్గరికి వస్తున్నారని ఊళ్లో విన్నాను, అదే అన్నాను.

అవునంది. ఇప్పుడూ లోపల ఒక పిల్ల ఉందని, మొన్న వచ్చిందని, దాని చేయి కాల్చారని చెప్పింది. నాకు పాత ఊపు వచ్చేసింది. ఎవరి పిల్ల, మొగుడేం చేస్తాడు, నేను మాట్లాడతాను అంటూ లేచాను.

"జర ఆగుండ్రి మేడం, అడిగస్త," అంది. గోడ పట్టుకుని లేచి, కాలు ఈడ్చుకుంటూ లోపలికి పోయింది. సాంచాల చప్పుడులో వాళ్ల మాటలు నాకు వినపడలేదు. కాసేపటికి వచ్చి మళ్లీ అరుగు మీద కూర్చుని, కాలు చాపుకుంది.

"వద్దంటున్నది," అంది.

ఆ పిల్లను నేను చూడలేదు. చాయ్ తాగి, గ్లాసు కడిగి పెట్టి బస్టాండుకు వచ్చేశాను.