కారు కడుపుకి కుర్చీ ముక్క

రాయపూర్ అప్పుడప్పుడే కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన ఆ రోజుల్లో ఊళ్లో సగం రోడ్లు తవ్వేసి ఉండేవి, తవ్వని చోటల్లా స్పీడ్ బ్రేకర్లు ఉండేవి. ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటుతో ఎవరి గుమ్మం ముందు వాళ్లు, తమ హోదాకి తగ్గ ఎత్తులో పోసుకునేవారు. ఇరవై మూడేళ్ల వయసు, దేవేంద్ర నగర్లో కొత్త ఉద్యోగం, నెల తిరగని డ్రైవింగ్ లైసెన్సు ఉన్న నాకు ఆ గుట్టలేవీ కంటికి ఆనేవి కావు. నా కళ్లన్నీ నాన్న కొన్న తెల్ల కారు మీదే. రైల్వేలో గార్డుగా రిటైరయ్యాక నాన్న ముచ్చటపడి కొన్న ఆ పాత కారు నేలకి ఎంత దగ్గరగా ఉండేదంటే, కాలనీ వాళ్లు దాన్ని 'బాతు' అనేవారు (నాన్నకి వినపడకుండా).

నాన్నా అమ్మా పలాసలో పెళ్లికి వెళ్తూ తాళం నా చేతిలో పెట్టారు. "అమ్మడూ, బేటరీ దిగిపోకుండా రోజుకోపాలి స్టార్ట్ సెయ్యి, సాలు. బండి గేటు దాటకూడదు. నేనొచ్చీసరికి ఏ గొడవా లేకపోతే సోమారం నుంచి ఆఫీసుకి నువ్వే తీసుకెల్దువు గాని" అన్నారు. ఆ మాటకి నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు పొద్దున్న స్టార్ట్ చేస్తుంటే అమ్మమ్మ వచ్చి పక్క సీట్లో కూర్చుంది. "ఊరికే స్టార్ట్ సేసి ఆపీడమేటే, పెట్రోలు దండగ! మిల్లుకెల్లి రెండు బస్తాల బియ్యం తెచ్చీద్దాం" అంది. నేను కాదనాలి. కానీ అప్పటికే గేటు తీసేశాను.

వెళ్లడం మహారాణిలా వెళ్లాను. వచ్చేటప్పుడు డిక్కీలో రెండు బస్తాలు, ముందు అమ్మమ్మ (ఆవిడా ఒక బస్తాయే, పైలోకంలో ఉన్నా నన్ను క్షమిస్తుంది). గుఢియారీ బజారులో ఎవరో నన్ను చూస్తున్నారనిపించి, అందంగా గేరు మార్చబోయి బ్రేకు మరిచిపోయాను. ధన్! కారు గుట్టెక్కి, కడుపు రాసుకుంటూ దిగింది. ఆ తర్వాత వెనకాల రేకు ఈడ్చుకెళ్తున్నట్టు ఒకటే గరగర. "మేడమ్, నీచే కుఛ్ లటక్ రహా హై!" అని రిక్షావాళ్లు అరుస్తున్నారు, కింద ఏదో వేలాడుతోందని. దిగి చూస్తే ఇంజను కింద ఉండే నల్లటి ప్లాస్టిక్ మూత నిలువునా చీలి, సగం నేలకి వేలాడుతోంది. నాన్న రేపు పొద్దున్నే దిగుతారు. నా సోమవారం అక్కడే రోడ్డు మీద పడి ఉన్నట్టనిపించింది.

వేలాడే ముక్కని బస్తా తాడుతో కట్టి, దగ్గర్లోని గ్యారేజీకి తీసుకెళ్లాను. మెకానిక్ వంగి చూసి, "అతకదు, కొత్తది వెయ్యాలి, నాగపూర్ నుంచి రావాలి, నాలుగు రోజులు" అన్నాడు. ధర విన్నాక నా జీతం ఎంత చిన్నదో మొదటిసారి తెలిసింది. నేను ఏడుపు మొహం పెడితే, అమ్మమ్మ మాత్రం తాపీగా, "పగిలిన కుర్సీలు అతుకుద్ది కదా, ఆ కాకీ దగ్గరికి పద" అంది.

గుఢియారీలో రైలు పట్టాల పక్క సందులో ప్లాస్టిక్ కుర్చీలూ టబ్బులూ అతికే ఆవిడని అందరూ 'కుర్సీవాలీ కాకీ' అనేవారు. అక్కడ కాకీ అంటే పిన్ని (అమ్మమ్మకి మాత్రం ఆ పిలుపు విన్నప్పుడల్లా కాకి గుర్తొచ్చి నవ్వొచ్చేది). నన్ను చూడగానే ఆవిడ "కాబర్ రోవత్ హస్ నోనీ?" అంది. ఎందుకేడుస్తున్నావే పిల్లా అని. ముప్ఫయ్యేళ్లుగా రాయపూర్లో ఉన్న అమ్మమ్మ తన హిందీ తీసింది: "యే టూట్ గయా. తుమ్ అతికిస్తావా?" కాకీకి పూర్తిగా అర్థమైంది. "అతికిస్తా. కానీ బండి కింద నేను దూరను. విప్పి తీసుకొస్తే నా పని, మళ్లీ బిగించడం మీ పని" అని హిందీలో తేల్చి చెప్పింది.

నేను అమ్మమ్మ వైపు చూశాను. అమ్మమ్మ నా వైపు చూసింది. కారు ముందు చక్రాలు పక్క కొట్టు ఏటవాలు అరుగు మీదికెక్కించి హ్యాండ్ బ్రేకు వేశాను. అమ్మమ్మ వెనక చక్రాలకి ఇటుకలు పెట్టి, పక్కనే కాపలా నిలబడింది. కొత్త సల్వార్ కమీజుతో సహా నేను కారు కిందికి దూరాను! జన్మలో స్క్రూ డ్రైవర్ పట్టని దాన్ని, కాకీ ఇచ్చినదానితో ఒక్కో మరా విప్పాను. మూత ఊడి ఛాతీ మీద పడేసరికి, అందులోని మట్టంతా నోట్లోకి వచ్చినా, "వచ్చీసింది అమ్మమ్మా!" అని అరిచాను. సందంతా చప్పట్లు కొట్టింది.

కాకీ ఆ మూతని కడిగి, అంచు కాస్త కాల్చి, వాసన చూసింది. "బకెట్ ముక్క దీనికి పట్టదు, కుర్చీ ముక్కే పడుతుంది" అని ఒక విరిగిన ఎర్ర కుర్చీ వీపు కోసింది. కాల్చిన ఇనపకడ్డీతో చీలికని కరిగించి కలిపి, పైన ఎర్ర ముక్క పరిచి, చుట్టూ సన్న తీగతో కుట్లు వేసింది, పరుపు కుట్టినట్టు. "నల్లది లేదా కాకీ?" అనడిగితే, "కింద ఎవరు చూస్తారు నోనీ?" అని నవ్వింది. తీసుకున్నది మాత్రం నాలుగు కుర్చీలు అతికే కూలి. మళ్లీ కిందికి దూరి, నేనే బిగించాను. తిరిగి వచ్చేటప్పుడు ఆ గుట్ట మీదుగా బాతుని నిజంగా బాతులాగే నడిపించాను. అమ్మమ్మ ముందే దిగి నడిచి దాటింది. చడీ చప్పుడూ లేదు. ఇద్దరం కారులో పాటలు పాడుకున్నాం.

నాన్న వచ్చిన గంటకే పేపరు పరిచి కారు కిందికి తొంగి చూశారు. "అమ్మడూ, ఇదేటి, ఎర్రగా?"

గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. అమ్మమ్మ బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు. నాన్న ఆ ముక్కని వేలితో కొట్టి చూశారు. "అతికింది కాకీ. మరి బిగించిందెవులు?"

"నేనే."

నాన్న లోపలికెళ్లి డ్యూటీ టార్చి తెచ్చుకుని, మళ్లీ పడుకుని, చాలాసేపు చూశారు. చివరికి బయటికొచ్చి, "రెండో స్క్రూ వంకరగా ఎక్కింది. రా, సూపిస్తాను" అన్నారు. ఇద్దరం ఆ పేపరు మీద పక్కపక్కన పడుకుని దాన్ని సరిచేశాం. సోమవారం కారు నాకే ఇచ్చారు. కాకపోతే వారం రోజులు పక్క సీట్లో తనే కూర్చుని, ప్రతి మలుపులో "గుట్ట! గుట్ట!" అని అరిచారు.

ఇప్పుడు నాది ఎత్తయిన కారు. మొన్న సర్వీసుకిస్తే, కింద ఏదో పగిలింది, మార్చాలన్నారు. ఏసీ గదిలో కాఫీ తాగుతూ సరేనని సంతకం పెట్టేశాను. అప్పుడు ఆ మట్టి మొహం పిల్ల గుర్తొచ్చి సిగ్గేసింది. లేచి వెళ్లి, "ఒకసారి చూస్తాను" అని వంగాను. మోకాళ్ల దాకా వచ్చేసరికి నడుము ఇక చాలంది. కారు పట్టుకుని అక్కడే నిలబడి నవ్వుకున్నాను. ఆ పిల్లే అయితే ఈపాటికి సగం మరలు విప్పేసి ఉండేది.