నీళ్ళు చీరలా పరుచుకునే దాకా

వారం రోజులుగా మా స్నానాల గదిలో సిర్కా పుల్లటి వాసన. పదో తరగతి చదివే మా అమ్మాయి తుప్పు పట్టిన సైకిల్ గంట మూతను మెరిపించాలని పంతం పట్టి, ప్లాస్టిక్ డబ్బాలో ఆ వెనిగర్ పోసి, చిటికెడు ఉప్పు వేసి, నికెల్ పట్టీలు, పాత చార్జరు తీగలు సర్దుకుంది.

"బాపూ, దీనిమీద క్రోమ్ గూడ ఎక్కిద్దామా?"

"ఇంట్ల క్రోమ్ వద్దు బిడ్డా. నికెల్ కాడ్నే ఆగుదాం. ముందుగాల ఆ కిటికీ తెరువు."

ఆ మాట నాది కాదు, పోశన్న మామది.

పోశన్న మామ మా అమ్మకు వరసకు తమ్ముడు. నా చిన్నప్పుడు, నేతపని కోసం మావాళ్ళు వలస వెళ్ళిన కామత్‌ఘర్‌లో ఆయన గదికీ మా గదికీ మధ్య ఒక్కటే గోడ. మా గల్లీలో అందరూ సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేవాళ్ళే అయితే, ఆయన ఒక్కడు మాత్రం ధామన్కర్ నాకా దగ్గర పాలిష్ కార్ఖానాలో స్కూటర్ సామాన్లకు క్రోమ్ ఎక్కించేవాడు. ఆ క్రోమ్ మందు తొట్ల పొగకు అప్పుడప్పుడు ముక్కులోంచి నెత్తురు కారేది. అందుకే ఆ మందును గడప దాటి లోపలికి రానిచ్చేవాడు కాదు. ఇంటి వెనక మాత్రం సిర్కా బకెట్టు, పాత స్కూటర్ బ్యాటరీ పెట్టుకుని, మైనస్ తీగకు వస్తువును, ప్లస్ తీగకు నికెల్ పట్టీని వేలాడదీసి గల్లీలోని గరిటెలకూ తాళాలకూ మెరుపు తెచ్చేవాడు. బకెట్టులో నీళ్ళు మెల్లగా లేత పచ్చగా తిరుగుతుంటే నేను మోకాళ్ళ మీద కూర్చుని బడికి వేళయిందని కూడా మరిచిపోయేవాణ్ణి.

మామకు మెరుపు కన్నా కడగడమే ముఖ్యం. బూడిదతో తోమి, సున్నంతో రుద్ది, వస్తువును నీళ్ళలో ముంచి పైకెత్తేవాడు. "సూడు అల్లుడూ, నీళ్ళు ముత్యాలైనయంటే ఇంకా జిడ్డున్నట్టు. చీర లెక్క పర్సుకోవాలె. గప్పుడే తీగ కట్టాలె."

మా బాపు కనేరిలోని సాంచాల కార్ఖానాలో నేసేవాడు. దసరాకు సాంచాలు కడిగి, బంతిపూల దండలు వేసి, నాడెలకు పసుపు కుంకుమ పెట్టేవాళ్ళు. పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తే ఆ కర్ర నాడెకు రెండు కొసలా ఇనుప మొనలుంటాయి. పూజలో బాపు నాడె అందరి నాడెల కన్నా మెరవాలని నాకు ఆశ పుట్టింది. మామను అడిగితే, "నూనె తాగిన కర్ర అది, జిడ్డు మళ్ళ మళ్ళ ఊర్తది. పండుగెల్లినంక తీరిగ్గ చేద్దాం" అన్నాడు.

నేను ఆగలేదు. బతుకమ్మ పూల కోసం మామ బజారుకు వెళ్ళిన పొద్దున, అమ్మ మలీద ముద్దలు కడుతున్న బెల్లం వాసన గోడ దాటి వస్తుండగా, పూజకని బాపు ఇంటికి తెచ్చిన నాడె మొనలను మామ బకెట్టు దగ్గర తోమి నీళ్ళలో ముంచాను. నీళ్ళు ముత్యాలై నిలిచాయి. చూశాను. చూసి కూడా తీగ కట్టాను.

పూజలో ఆ నాడె అద్దంలా మెరిసింది. "ఎవరు చేసిండ్రు?" అని బాపు మురిసిపోతూ అడిగితే, తిడతాడేమోనని "మామ" అన్నాను. మర్నాడు సాంచా నడిచింది. మొన మీది పూత పెచ్చులు పెచ్చులుగా లేచి పడుగును కోసేసింది. తెగిన దారాలు అతికి అతికి బాపు వేళ్ళు వాచిపోయాయి.

"గింత పనితనం లేనోడు మా బామ్మర్దెట్లయిండో!" అని వాకిట్లో నిలబడి అరిచాడు. గోడ అవతల మామ అంతా విన్నాడు. నాకేసి చూసి మెల్లగా, "నీళ్ళు ముత్యాలైనయా?" అని మాత్రం అడిగాడు. తలూపాను. ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఏడాది పాటు ఒకే గోడకు రెండు వైపులా ఉన్న ఇద్దరూ మాట్లాడుకోలేదు. సాయంత్రం చాయ్ వేళకు మామను పిలవడానికి బాపు చెయ్యి అలవాటుగా గోడ మీద తట్టబోయి, మధ్యలోనే ఆగిపోయేది. అది రోజూ చూస్తూ కూడా నోరు విప్పని పిరికితనం నాది. దానికి చిన్నతనాన్ని సాకుగా చెప్పలేను. అబద్ధమని తెలిసేంత వయసు నాకప్పుడు ఉంది.

మళ్ళీ దసరా వచ్చింది. బంగారమని జమ్మి ఆకు పంచుకుని అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకునే వేళ, మామ గడప తప్పించి బాపు పక్కింటికి నడవబోయాడు. నేను ఉరికి మామ చేతిలో ఆకు పెట్టి, బాపు వినేట్టు చెప్పాను. "మొనలు నేనే చేసిన. కడగక చేసిన. మామ పేరు అబద్ధం చెప్పిన."

బాపు నా చెంప పగలగొడతాడనుకున్నాను. ఆయన మామ ముందుకెళ్ళి రెండు ఆకులు చాచాడు. "గిది పండుగది. గిది నా నోటి తప్పుకు."

"రెండెందుకు బావా? ఒకదానికి పాలిష్ చెయ్యాల్నా?" అన్నాడు మామ. గల్లీ అంతా నవ్వింది. ఆ సాయంత్రం గోడ మీద తట్టిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇప్పుడు బాపు లేడు, మామ లేడు. ఆ గదులు పడగొట్టి గోదాము కట్టారు. నాడె అవసరం లేని కొత్త మిషన్లు వచ్చాక బాపు నడిపిన సాంచాలు పాత ఇనుము కింద తూకానికి వెళ్ళాయి. ఆ నాడె ఒక్కటి నా కిటికీలో ఉంది, సగం లేచిన పూతతో. దాన్ని మళ్ళీ మెరిపించలేదు.

అమ్మాయి గంట మూతను నీళ్ళలో ముంచి పైకెత్తింది. ముత్యాలు.

"సాలదా బాపూ? మూడుసార్లు కడిగిన."

"ఇంకోసారి" అన్నాను. విసుక్కుంటూనే బూడిద అందుకుంది. నాలుగోసారి నీళ్ళు ఎక్కడా చిట్లకుండా, పలుచగా, చీరలా పరుచుకున్నాయి. తీగ కట్టమని ఆమెకు తలూపి, కిటికీలోని నాడెను ఎందుకు అలా ఉంచానో చెప్పడం మొదలుపెట్టాను.